ఇమ్యూనిటీ పౌడర్ సంగతి తర్వాత, ముందు పరీక్షలు చేయించుకోండి

ప్రశ్న: నా వయసు 34. ఖమ్మం దగ్గర ఎరువుల దుకాణం నడుపుతాను. సరుకు కోసం తిరుగుతుంటాను కాబట్టి బయటి తిండి ఎక్కువ. నాలుగైదు నెలలుగా తరచూ మోషన్స్ అవుతున్నాయి. మెడికల్ షాపులో అడిగి ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్రలు రెండు మూడు రోజులు వేసుకుంటే తగ్గుతాయి. పదిహేను రోజులకు మళ్లీ మొదలు. గ్యాస్‌కి రెండేళ్లుగా పరగడుపున పాంటొప్రజోల్ వాడుతున్నా. నడుంనొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ వేసుకుంటా. ఈమధ్య ఐదు కిలోలు తగ్గాను, మంచిదే కదా అనుకున్నా. ఒక్కోసారి మలంలో జిగట, కాస్త రక్తం కనిపిస్తాయి. మా నాన్నకు మొలలు ఉన్నాయి, నాకూ అవే అయ్యుంటాయని పట్టించుకోలేదు. రాత్రి నిద్రలోంచి ఒకసారి లేవాల్సి వస్తోంది. పేగుల్లో ఇమ్యూనిటీ తగ్గడం వల్లే ఇదంతా అని మా బావమరిది అంటున్నాడు. అసలు పేగులు బ్యాక్టీరియాను ఎలా ఎదుర్కొంటాయి? ఇమ్యూనిటీ పెరగాలంటే ఏ పౌడర్, ఏ ప్రోబయోటిక్ వాడాలి? మా నాలుగేళ్ల పాపకు మోషన్స్ అయితే ఇవే మాత్రలు సగం చేసి వేస్తున్నాం, వేయొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది పౌడర్ గురించి. నా కన్ను ఆగింది మాత్రం మీరు మధ్యలో దాటేసిన మూడు సంగతుల దగ్గర. మలంలో రక్తం, ఐదు కిలోల బరువు తగ్గడం, నిద్రలోంచి లేచి వెళ్లాల్సి రావడం. బయటి తిండి వల్ల వచ్చే మామూలు ఇన్‌ఫెక్షన్ ఇన్ని నెలలు సాగడం అరుదు. పేగులో పుండూ వాపూ ఏమీ లేకున్నా మోషన్స్ పెట్టే, టెన్షన్ పడితే ఎక్కువయ్యే ఐబీఎస్ అనే సమస్య సాధారణంగా మనిషిని నిద్ర లేపదు, రక్తం చూపించదు. మొలలుంటే రక్తం పడొచ్చు గానీ జిగట విరేచనాలు కావు, బరువూ తగ్గదు. ప్రయత్నించకుండా తగ్గిన ఐదు కిలోలను లాభంలో రాసుకోకండి. ఈ వారంలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును, అంటే జీర్ణకోశ వ్యాధుల డాక్టరును కలవండి. కింద రాసింది అపాయింట్‌మెంట్ తీసుకున్నాక తీరిగ్గా చదువుకోవచ్చు.

పేగుల రక్షణ గురించి అడిగారు, చెబుతాను. ఇందులో పెద్ద భాగం మనకు పుట్టుకతో వచ్చే రోగనిరోధక వ్యవస్థే చూసుకుంటుంది. టీకాతోనో, ఒకసారి వచ్చిన జబ్బుతోనో నేర్చుకునే వ్యవస్థ వేరే ఉంది. అది కొత్త శత్రువు మీద పూర్తిగా పనిలోకి దిగాలంటే రోజులు పడుతుంది. పుట్టుకతో వచ్చినది నిమిషాల్లో, గంటల్లో పని మొదలుపెడుతుంది. తిన్నదాంతో పాటు వచ్చే సూక్ష్మజీవుల్లో చాలావాటిని ముందు జీర్ణాశయంలోని ఆమ్లమే చంపేస్తుంది. తప్పించుకున్నవి పేగుల్లోకి వస్తే అక్కడ జిగురు పొర అడ్డం. పెద్దపేగులో ఇది రెండు పొరలుగా ఉంటుంది. పైపొరలో బ్యాక్టీరియా కాపురం ఉంటుంది, లోపలి పొరలో దాదాపు ఉండదు. చిన్నపేగు మడతల అడుగున పానెత్ కణాలని ఉంటాయి. 19వ శతాబ్దంలో వాటిని వర్ణించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త పేరే వాటికి పెట్టారు. ఇవి డిఫెన్సిన్లనే చిన్న ప్రోటీన్లను, మన కన్నీళ్లలో, లాలాజలంలో ఉండే లైసోజైమ్‌ను వదులుతాయి. బ్యాక్టీరియా ఒంటిని చిల్లులు పొడిచేవి ఇవే.

వీటి వెనక పేగు గోడ. ఆ గోడకు లోపలి వరస ఒకే ఒక్క కణం మందం. మూడు నుంచి ఐదు రోజుల్లో అది దాదాపు పూర్తిగా కొత్తదవుతుంది. ఆ కణాలకు, వాటి కింద కాపలా ఉన్న కణాలకు బ్యాక్టీరియా ఆనవాళ్లను పసిగట్టే గ్రాహకాలు ఉంటాయి. వీటిలో టోల్ తరహా గ్రాహకాల మీద చేసిన పరిశోధనలకు 2011లో బ్రూస్ బ్యూట్లర్, జూల్స్ హాఫ్‌మన్‌లకు నోబెల్ వచ్చింది. నాకు వీటన్నిటిలో ముచ్చటగా అనిపించేవి సూక్ష్మజీవులను మింగేసే, పేగుల్లోని మాక్రోఫేజ్ కణాలు. కోటానుకోట్ల బ్యాక్టీరియాతో రోజూ సహవాసం చేయాలి కాబట్టి, ఊళ్లో ఎవరెవరో ఎరిగిన తలారిలాగా, హద్దు దాటినవాణ్ని చప్పుడు లేకుండా పట్టుకుంటాయే తప్ప ప్రతిదానికీ దండోరా వేయించవు.

దండోరా వేయాల్సి వచ్చినప్పుడు రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పేగు గోడలోకి దూసుకొస్తాయి. వాపు ప్రక్రియ మొదలవుతుంది. నీళ్ల విరేచనాలు, కడుపులో మెలిపెట్టడం, జ్వరం, జిగట, అన్నీ ఆ పోరాటంలో భాగమే. ఇన్‌ఫెక్షన్ అయితే అది కొద్ది రోజుల్లో చల్లారాలి. చల్లారకుండా నెలల తరబడి రగులుతూనే ఉంటే క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కోలైటిస్ లాంటివి అనుమానించాలి. వాటిలో రోగనిరోధక శక్తి తక్కువై జబ్బు రావడం లేదు. అది అదుపు తప్పి సొంత పేగు మీదే పడుతోంది. క్రోన్స్‌కు సంబంధించిన మొదటి జన్యువుగా 2001లో బయటపడిన నాడ్-2 కూడా బ్యాక్టీరియా గోడ ముక్కలను గుర్తుపట్టే గ్రాహకానిదే. పాశ్చాత్య దేశాల రోగుల్లో కనిపించిన ఆ జన్యు మార్పులు మనవాళ్లలో అరుదు. అయినా జబ్బు మాత్రం మనవాళ్లకూ వస్తోంది. పట్నంవాళ్ల జబ్బని తీసిపారేసే రోజులు పోయాయి. మరి అలాంటి మనిషి ఇమ్యూనిటీ పెంచే పౌడర్ ఎందుకు తాగాలి? మీ బావమరిది మీ మేలు కోరే చెప్పి ఉంటారు గానీ, మీ పేగుల్లో ఏం జరుగుతోందో తేలేదాకా ఆ డబ్బా కొనకండి.

ఇక నన్ను బాగా కలవరపెట్టింది ఆ మాత్రల సంగతి. "వేసుకుంటే తగ్గుతాయి" అన్నారు. తగ్గింది కాబట్టి ఇన్‌ఫెక్షనే అయ్యుంటుందని మీరు, షాపతను నమ్మేశారు. ఇక్కడే చిక్కు. ఆర్నిడజోల్ లాంటి మందులకు క్రోన్స్‌లోనూ కొంత ఉపశమనం కనిపించవచ్చు. ఓఫ్లాక్సాసిన్ తరగతి మందులు క్షయ క్రిమి మీద కూడా పనిచేస్తాయి. అవునండీ, టీబీ ఊపిరితిత్తులకే వస్తుందనుకోకండి. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట టీబీ మన దేశంలో మేం తరచూ చూసేదే. చూడ్డానికి అచ్చం క్రోన్స్‌లాగే ఉంటుంది. రెండు మూడు రోజుల కోర్సులతో అది కాస్త అణిగి, మళ్లీ లేచి, అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది. మందుకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. మీకు టీబీయే అని నేను అనడం లేదు. చూడకుండా, పరీక్ష చేయకుండా ఏ పేరూ చెప్పలేను. కానీ తేలాల్సిన జబ్బుల జాబితాలో అది ఉంది, మీరు దాని మీద తెలియకుండానే సగం సగం మందు వేస్తున్నారేమోనన్నదే నా భయం.

పైగా ఆ మాత్రలు పేగుల్లో మనకు పనికొచ్చే బ్యాక్టీరియాను కూడా ఊడ్చేస్తాయి. కొత్తగా వచ్చే చెడ్డవాటికి చోటు దొరక్కుండా చేసేది ఆ మంచి బ్యాక్టీరియానే. అవి పోతే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలె లాంటి చెడ్డ బ్యాక్టీరియా తలెత్తవచ్చు. దాంతో విరేచనాలు ఇంకా ముదురుతాయి. ఇన్‌ఫెక్షన్‌కని వేసుకున్న మందే కొత్త ఇన్‌ఫెక్షన్‌కు దారి వేయడమన్నమాట. మెడికల్ షాపు కౌంటర్ ముందు నిలబడి "మోషన్స్‌కి ఏదైనా ఇవ్వు" అనడం ఇకనైనా మానండి. అక్కడే పేగు కదలికను ఆపి విరేచనాలు కట్టేసే లోపెరమైడ్ కూడా ఇస్తారు. రక్తం, జ్వరం ఉన్నప్పుడు దాని జోలికి అసలు పోవద్దు. పేగు కదిలి చెత్తను బయటికి నెట్టడం కూడా రక్షణలో భాగమే. వాచిన పెద్దపేగును అలా బిగబట్టిస్తే అది ఉబ్బి ప్రాణం మీదికి రావచ్చు.

పరీక్షల విషయానికొస్తే, ఏది ఎప్పుడన్నది మీ డాక్టరే నిర్ణయిస్తారు. మామూలుగా రక్తకణాలను లెక్కించే సీబీసీ, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు, మలపరీక్ష, వాటితో పాటు ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ రాస్తాం. ఈ చివరిది ఇందాక చెప్పిన న్యూట్రోఫిల్స్‌లో దండిగా ఉండే ప్రోటీన్. జింకు, మాంగనీసు బ్యాక్టీరియాకు అందకుండా పట్టేసుకుని వాటిని ఆకలితో మాడ్చడం దాని పని. పేగు గోడలో పోరాటం జరుగుతుంటే అది మలంలోకి కారుతుంది, కాబట్టి కొలవొచ్చు. పెద్దవాళ్లలో గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపుంటే పేగులో వాపు ఉండే అవకాశం తక్కువ. 250 దాటితే గట్టిగా అనుమానించాలి. మధ్యలో ఉంటే మళ్లీ చూడాలి. కానీ ఇది జబ్బు పేరు చెప్పదు. ఇన్‌ఫెక్షన్‌లోనూ, టీబీలోనూ, మీరు వాడే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలతోనూ పెరుగుతుంది. నంబర్ చూసి గూగుల్‌లో వెతుక్కుని కంగారు పడొద్దు. మీ లక్షణాలను బట్టి కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం), అందులో చిన్న ముక్క తీసి బయాప్సీ దాదాపు తప్పకపోవచ్చు. ముందురోజు పేగు శుభ్రం చేసుకోవడమే విసుగు. పరీక్ష సాధారణంగా మత్తులో అయిపోతుంది. క్రోన్స్ అని తొందరపడి, రోగనిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్లు మొదలుపెడితే, ఒకవేళ అది టీబీ అయినట్లయితే చేటు చేస్తుంది. అందుకే ముక్క పరీక్ష దగ్గర మేం పట్టుబడతాం. టీబీ అని తేలినా బెంబేలెత్తకండి. సర్కారు దవాఖానాలో మందులు ఉచితం, కోర్సు మామూలుగా ఆరు నెలలు.

నడుంనొప్పి అన్నారు కదా. అది పొద్దున లేవగానే ఎక్కువగా ఉండి, బిగుసుకుపోయినట్టు అనిపించి, తిరుగుతుంటే తగ్గుతోందా? అలాగైతే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పేగు వాపు జబ్బులున్నవాళ్లలో కొందరికి వెన్ను కీళ్లు కూడా వాస్తాయి. బస్తాలు మోసి వచ్చిన నొప్పో, అదో తేల్చాలి. అప్పటిదాకా డైక్లోఫెనాక్ ఆపడం మంచిది. అది పేగు పొరను గాయపరుస్తుంది.

పాంటొప్రజోల్ రెండేళ్లుగా ఎవరు రాస్తే వాడుతున్నారు? అవసరమైనవాళ్లకు మంచి మందే. కానీ ఆమ్లం తగ్గితే మొదటి అడ్డు పలచబడినట్టే. సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ లాంటి పేగు ఇన్‌ఫెక్షన్ల ముప్పు కొంత పెరుగుతుంది. మీకు మీరే ఒక్కసారిగా ఆపేయకండి, మంట ఎదురు తిరుగుతుంది. ఎలా తగ్గించాలో డాక్టరును అడగండి.

ప్రోబయోటిక్, అంటే మంచి బ్యాక్టీరియా ఉన్న మందు గురించి రెండు మాటలు చాలు. మీ పరిస్థితిలో అదొక చికిత్స కాదు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు సరిపడితే తినండి, పాలు పడకపోతే అదీ చెప్పండి.

పాప సంగతికి వద్దాం. ఇక్కడ మాత్రం కొంచెం కోపం వచ్చింది. మీ మాత్ర సగం చేసి నాలుగేళ్ల పిల్లకు వేయడం ఈ రోజుతో ఆపేయండి. ఓఫ్లాక్సాసిన్ తరగతి మందులను పిల్లల్లో కీళ్లకు హాని చేస్తాయన్న అనుమానంతో తప్పనిసరైతే తప్ప మేమే రాయం. పిల్లల విరేచనాల్లో చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే, వాటికి యాంటీబయోటిక్ పనిచేయదు. పాపకు కావాల్సింది ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మీద ఒక లీటరు అని ఉంటే మొత్తం ప్యాకెట్‌ను కాచి చల్లార్చిన లీటరు నీళ్లలోనే కలపండి. గ్లాసులో సగం ప్యాకెట్ వేసి తాగిస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి, వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. జింకు సిరప్ పిల్లల డాక్టరు చెప్పిన మోతాదులో, విరేచనాలు తగ్గినా సరే, మొత్తం 14 రోజులు ఇవ్వాలి. తిండి ఆపొద్దు. మలంలో రక్తం కనిపించినా, కళ్లు లోతుకు పోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మూత్రం తగ్గినా, మత్తుగా పడుకున్నా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి, తెల్లారేదాకా చూడొద్దు.

మీరు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ ఐదు నెలల్లో వాడిన మాత్రల స్ట్రిప్పులు, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. అక్కడ "ఏవో తెల్ల మాత్రలు సార్" అంటే మాకేమీ తెలియదు.