తాత్కాలిక మేనేజరు అడిగితే ఆటగాళ్లను కొనాలా?

ప్రశ్న: మా బావగారూ నేనూ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులం. 2021-22 సీజన్ ప్రస్తావన వస్తే చాలు, మా మధ్య మాటా మాటా పెరుగుతుంది. తాత్కాలిక మేనేజరుగా వచ్చిన రాల్ఫ్ రాంగ్నిక్ జనవరిలో సూచించిన ఆటగాళ్లను కొని ఉంటే జట్టు అంతగా దిగజారేది కాదని నేనంటాను. ఆరు నెలల్లో వెళ్లిపోయే మనిషి మాట పట్టుకుని కోట్లు గుమ్మరించడం ఏ యాజమాన్యానికీ తగదని ఆయన వాదన. ఎవరి మాటలో న్యాయముంది?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సూత్రం వరకు మీ బావగారి మాటే సబబు. ఆ జనవరి సంగతికి వస్తే మాత్రం నేను మీ పక్షం, కాకపోతే మీరు చెప్పిన కారణానికి కాదు.

వాట్‌ఫర్డ్ చేతిలో 4-1తో ఓడిన మర్నాడు, 2021 నవంబరు 21న, అప్పటి మేనేజరు సోల్‌షేర్‌ను తొలగించిన క్లబ్బు, రాంగ్నిక్‌ను సీజన్ ముగిసేవరకు మేనేజరుగానూ, ఆ తరువాత రెండేళ్లపాటు సలహాదారుగానూ ఉంచుకుంటామని ప్రకటించింది. మీ బావగారు ఈ రెండో భాగాన్ని మరచిపోతున్నట్టున్నారు. లైప్‌జిగ్, సాల్జ్‌బర్గ్ క్లబ్బులకు స్పోర్టింగ్ డైరెక్టరుగా (ఆటగాళ్ల ఎంపిక చూసే అధికారిగా) పనిచేసి, ప్రతిభ ఉన్న కుర్రవాళ్లను ముందే పసిగట్టి తెచ్చుకోవడంలో పేరు తెచ్చుకున్న మనిషిని సలహాల కోసమే ఒప్పుకుని, తీరా ఆయన సలహా ఇచ్చినప్పుడు వినకపోవడాన్ని పొదుపు అనలేం.

ఆ జనవరి విండోలో, అంటే ఆటగాళ్లను కొనేందుకూ అమ్మేందుకూ అనుమతించే గడువులో, యునైటెడ్ పెద్ద జట్టుకు ఒక్కరినీ కొనలేదు సరికదా, ఆంటొనీ మార్షియల్‌ను సెవియాకు అప్పుగా పంపింది. గోల్స్ కొట్టే ముందు వరుస ఆటగాళ్లు లూయిస్ డియాజ్, అల్వారెజ్, వ్లాహోవిచ్‌ల పేర్లు యాజమాన్యం ముందు పెట్టానని, వద్దన్నారని సీజన్ చివర రాంగ్నిక్ విలేకరుల సమావేశంలోనే చెప్పారు. ఆ డియాజ్‌ను అదే విండోలో లివర్‌పూల్ తీసుకుంది. ఏప్రిల్ 19న ఆన్‌ఫీల్డ్‌లో యునైటెడ్ 4-0తో చిత్తయిన రాత్రి, ఐదో నిమిషంలో తొలి గోల్ కొట్టింది ఆయనే. మీ వాదనకు ఇంతకంటే పదునైన సాక్ష్యం దొరకదు.

అయినా దాన్ని మరీ దూరం లాగకండి. ఆ ఏడాది ఇంగ్లండ్ ప్రీమియర్ లీగులో యునైటెడ్ కొట్టిన గోల్స్ 57, ఇచ్చుకున్న గోల్స్ కూడా 57. 58 పాయింట్లతో ఆరో స్థానంలో నిలిచిన ఆ జట్టుకు డియాజ్ ఒక్కడే వచ్చి ఉంటే వెనుక వరుస బాగుపడేది కాదు. ఆన్‌ఫీల్డ్ ఓటమి తరువాత, కొత్తగా పదిమంది దాకా కావాల్సి రావచ్చని రాంగ్నికే అన్నారు.

లోపం నిర్ణయాధికారంలో ఉంది. క్లబ్బు వ్యవహారాలను ఏళ్ల తరబడి నడిపిన ఎడ్ వుడ్‌వర్డ్ ఆ జనవరిలో వెళ్లిపోయేందుకు సిద్ధంగా ఉన్నారు, రిచర్డ్ ఆర్నాల్డ్ ఫిబ్రవరి 1న, అంటే విండో మూసిన మర్నాడు, పగ్గాలు అందుకున్నారు. మేనేజరూ తాత్కాలికమే, పైన కూర్చున్నవారూ మారుతున్నారు! కప్పు కారుతోందని చెప్పింది అద్దెకున్నవాడే కావచ్చు, బాగుచేయించాల్సింది ఇంటి యజమానే కదా.

శాశ్వత మేనేజరైతే అడిగినవన్నీ కొనవచ్చునా అంటే, అదీ కాదు. ఎరిక్ టెన్ హాగ్ వచ్చాక తన పాత క్లబ్బు అయాక్స్ నుంచి లిసాండ్రో మార్టినెజ్‌నూ, 8 కోట్ల పౌండ్లకు పైగా పోసి ఆంటొనీ అనే మరో ఆటగాడినీ తెప్పించుకున్నారు. 2024 అక్టోబరులో ఆయన్ను తొలగించారు, 2025 జనవరిలో ఆంటొనీ రియల్ బెటిస్‌కు అప్పుగా వెళ్లాడు. అయిదేళ్ల ఒప్పందంపై 8 కోట్లు పెట్టి కొన్న ఆటగాడి ఖర్చును క్లబ్బు తన లెక్కల్లో ఏటా కోటి అరవై లక్షల చొప్పున చూపించుకుంటుంది. కోరి తెప్పించిన మేనేజరు వెళ్లిపోయినా ఆ పద్దు తరువాతి వారి నెత్తినే ఉంటుంది. అందుకే ఎంపిక బాధ్యత మేనేజరుకన్నా ఎక్కువకాలం ఉండే విభాగానిదై ఉండాలని నా అభిప్రాయం.

ప్రశ్న: తాత్కాలిక మేనేజరుతోనే చెల్సీ 2012లో యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది కదా! అలాంటివారిని తక్కువచేసి మాట్లాడడం సరైనదేనా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తక్కువ చేయడం లేదమ్మా. రాబెర్టో డి మాటియో మార్చిలో బాధ్యతలు తీసుకునేనాటికి విండో మూసేసి ఉంది, ఆయన ఎవరినీ కొనలేదు. నాపోలీతో రెండు మ్యాచ్‌ల పోరులో మొదటిది 3-1తో ఓడిన జట్టును, ద్రోగ్బా, లాంపార్డ్, చెక్ వంటి పాతకాపులనే నమ్ముకుని గట్టెక్కించారు, మే 19న మ్యూనిక్‌లో బయర్న్‌ను పెనాల్టీల్లో ఓడించారు. ఇంగ్లండ్ లీగులో మాత్రం చెల్సీది ఆరో స్థానమే. ఆ వేసవిలో పదవి ఖాయమైంది, హాజార్డ్, ఆస్కార్ వచ్చారు, యువెంటస్ చేతిలో 3-0తో ఓడిన మర్నాడు, నవంబరు 21న, ఆయన్ను పంపించేశారు. బదులుగా వచ్చిన బెనిటెజ్ మళ్లీ తాత్కాలికమే. హాజార్డ్ మాత్రం బెనిటెజ్, మౌరిన్యో, హిడింక్, కాంటే, సారీల హయాములన్నీ చూసి 2019లో గానీ చెల్సీని వదల్లేదు.