నేనైతే అలా చేయను అని నేనూ అన్నదాన్నే

మిల్‌గ్రామ్ ప్రయోగం గురించి చదివాక మీకు వచ్చిన సందేహం ఇది: "పైవాడు చెప్పాడని మామూలు మనుషులు అంత తేలిగ్గా తప్పు చేసేస్తారా? నేనైతే మధ్యలోనే లేచి వచ్చేసేవాణ్ని." (అమెరికన్ సైకాలజిస్టు మిల్‌గ్రామ్ చేసిన ఆ ప్రయోగంలో, కోటు వేసుకున్న పరిశోధకుడు చెప్పినకొద్దీ మామూలు మనుషులు పక్క గదిలోని మనిషికి పెంచుకుంటూ కరెంటు షాకులు ఇవ్వాలి. నిజానికి షాకులు ఉత్తుత్తివే, ఇచ్చేవాళ్లకి ఆ సంగతి చెప్పలేదు.) నేను పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుని. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాలో సైకాలజీ క్లాసులో ఈ ప్రయోగం గురించి విన్నప్పుడు నేనూ ఇదే మాట అన్నాను. ఉద్యోగంలో చేరిన ఐదో నెలలోనే ఆ మాట అనే హక్కు పోయింది.

అది ఒక ప్రైవేటు ఆసుపత్రి. నైట్ డ్యూటీ, రాత్రి రెండు దాటింది. షుగర్ పేషెంట్లందరికీ వేలు గుచ్చి చూసి, రీడింగులు డ్యూటీ డాక్టరుగారికి ఫోన్లో చదివాను. ఆయన నిద్రమత్తులో ఉన్నారు. "మూడో బెడ్‌కి పన్నెండు యూనిట్లు ప్లెయిన్ ఇన్సులిన్ ఇచ్చేయండి" అన్నారు. మూడో బెడ్ తాతకి షుగర్ 84. "సార్, మూడో బెడ్‌కి..." అని మొదలుపెట్టేలోపే "చెప్పాను కదా సిస్టర్, ఇచ్చేయండి" అని పెట్టేశారు.

84 ఉన్న మనిషికి పన్నెండు యూనిట్లు ఇస్తే షుగర్ ఎంత పడిపోతుందో నాకు తెలుసు. నిద్రలో ఉంటే ఎవరూ గమనించరనీ, కోమాలోకి వెళ్లవచ్చనీ తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా నోట్స్‌లో "టెలిఫోన్ ఆర్డర్" అని, టైము, డాక్టరుగారి పేరు రాశాను. రాయగానే గుండెల మీద బరువు దిగినట్టయింది. నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఆ క్షణమే. ఆయన పేరు కాగితం మీదికి ఎక్కింది కాబట్టి పని చేసేది నేనైనా బాధ్యత నాది కాదనిపించింది. మిల్‌గ్రామ్ దీని గురించే రాశాడు. షాకులు ఇస్తున్నవాళ్లు "వీడికేమైనా అయితే ఎవరు బాధ్యులు?" అని అడిగేవారు. "నేనే" అని కోటు వేసుకున్నాయన అనగానే చాలామంది మళ్లీ స్విచ్ మీద చెయ్యి వేశారు.

ఎర్ర మూత సిరంజిలోకి పన్నెండు యూనిట్లు లాగి బెడ్ దగ్గరికి వెళ్లాను. తాత కళ్లు కూడా తెరవకుండా చెయ్యి చాపాడు. "ఇంజెక్షనా అమ్మా" అన్నాడంతే. ఏ మందు, ఎందుకు అని అడగలేదు. నేను డాక్టరుగారి మాట విన్నాను, తాత నా యూనిఫాం మాట విన్నాడు.

అప్పుడే సీనియర్ సిస్టర్ అటు వచ్చి సిరంజి చూసింది. "ఎంతుంది ఈయనకి?" "ఎనభై నాలుగు." "మరి ఇదేంటి?" నన్ను తిట్టలేదు, డాక్టరుగారితోనూ గొడవపడలేదు. ఫోన్ తీసి, "సార్, మూడో బెడ్ 84, ఆరో బెడ్ 384. పన్నెండు యూనిట్లు ఎవరికి సార్?" అని అడిగింది. అవతల ఒక్క నిమిషం నిశ్శబ్దం. "సిక్స్... సిక్స్ సిస్టర్, సారీ" అన్నారు. అంతే, అయిపోయింది. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

తర్వాత ఎన్నో ఏళ్లకు హోఫ్లింగ్ అనే సైకియాట్రిస్టు అమెరికాలో చేసి 1966లో ప్రచురించిన పరిశోధన గురించి చదివితే, నా కథే ఎవరో రాసినట్టనిపించింది. ఎవరో తెలియని "డాక్టర్" ఒకాయన రాత్రిపూట వార్డుకి ఫోన్ చేసి, ఫలానా పేషెంటుకి 20 మిల్లీగ్రాముల ఆస్ట్రోటెన్ ఇవ్వమంటాడు. రోజుకి 10 మిల్లీగ్రాములకు మించకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఫోన్లో ఆర్డర్ తీసుకోవడం కూడా అక్కడి రూల్‌కి విరుద్ధం. (నిజానికి ఆ మందు ఉత్త గ్లూకోజ్.) 22 మంది నర్సుల్లో 21 మంది మందు తీసుకుని బయల్దేరారు. దారిలో ఆపాల్సి వచ్చింది. ఇదే పరిస్థితి కాగితం మీద వివరించి "మీరైతే ఏం చేస్తారు?" అని అడిగితే, 12 మంది నర్సుల్లో 10 మంది "మేం ఇవ్వం" అన్నారు. 21 మంది నర్సింగ్ విద్యార్థినులైతే అందరూ "ఇవ్వం" అనే చెప్పారు. మీ మాట, క్లాసులో నేనన్న మాట అదే.

అయితే 1977లో ర్యాంక్, జాకబ్సన్ అనేవాళ్లు దీన్నే కొంచెం మార్చి చేశారు. నర్సులకు బాగా తెలిసిన వేలియం అనే మందు, ఆసుపత్రిలో తెలిసిన డాక్టరు పేరు, పక్కనున్నవాళ్లతో మాట్లాడుకునే వీలు. ఈసారి 18 మందిలో ఇవ్వడానికి సిద్ధపడింది ఇద్దరే. మిల్‌గ్రామ్ దగ్గరా అంతే. 1963లో ప్రచురించిన ప్రయోగంలో 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల దాకా వెళ్లారు. అదే పక్కన కూర్చున్న ఇద్దరు "మేము చేయం" అని లేచిపోతే, 40 మందిలో చివరిదాకా వెళ్లినవాళ్లు నలుగురే. షాకులు నిజమని అందరూ నమ్మలేదన్న విమర్శ ఉంది, అది తీసిపారేయాల్సింది కాదు. కానీ ఆ నలుగురి లెక్క నాకు బాగా అర్థమవుతుంది. సీనియర్ సిస్టర్ ఆ రాత్రి టీకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు కాబట్టి.

అందుకే మీ ప్రశ్నకు నా జవాబు: అవును, చేసేస్తారు. పిరికితనం వల్లే అనుకోకండి. ఒంటరిగా ఉండటం, టైము లేకపోవడం, "కాదు" అనడానికి నోటికి మాట దొరక్కపోవడం, ఇవే ఎక్కువ. నేనిప్పుడు కొత్తగా చేరినవాళ్లకి ధైర్యంగా ఉండమని చెప్పను. ఒక వాక్యం చెబుతాను: "సార్, రాసుకున్నది మళ్లీ చదువుతున్నాను, సరిగ్గా ఉందా చూడండి." ఇన్సులిన్ లాంటి మందులైతే ఇద్దరు చూశాకే బెడ్ దగ్గరికి వెళ్లాలి.

మొన్న ఒక కొత్తమ్మాయి ఫోన్లో డోసు అలా చదివి వినిపిస్తుంటే గొంతు వణికింది. నేను పక్కనే నిలబడ్డాను. "కాదు కాదు, అందులో సగం" అని అవతల నుంచి నాకే వినబడింది. ఆ పిల్ల రాసింది కొట్టేసి, కింద మళ్లీ రాసింది.