కనమంటే కనేస్తామా?

ప్రశ్న: మేడమ్, నాకు ముప్పై రెండేళ్లు, ఒక పాప, ప్రైవేటు ఉద్యోగం. మా అమ్మ రోజుల్లో ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అని గోడల నిండా రాశారు. ఇప్పుడేమో జనాభా తగ్గిపోతోంది, ఇంకా కనండి అంటున్నారు. మా అత్తయ్య ఆ వార్తలు చూపించి రోజూ టెన్షన్ పెడుతున్నారు. అంత కొంపలేం మునిగాయండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కొంప రేపే మునగదు గానీ, లెక్క నిజమేనమ్మా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో పెట్టిన నిబంధనను ఆంధ్ర అసెంబ్లీ 2024 నవంబరులో తీసేసింది కూడా. మంచి పనే. కాకపోతే వార్డు మెంబరు అవ్వచ్చు కదా అని మూడోవాణ్ణి కన్నవాళ్లు నాకింకా తగల్లేదు.

డబ్బులిస్తే కంటారా అంటే, దక్షిణ కొరియాను చూడండి. 2006 నుంచి మన లెక్కలో లక్షల కోట్లు కుమ్మరించారు, అయినా 2023లో ఆ సగటు 0.72కి పడిపోయింది, మరుసటేడు 0.75 అయితే అదే పండగలా చెప్పుకున్నారు. ఇంటి అద్దెలు, ట్యూషన్ల ఖర్చు, రాత్రి దాకా ఆఫీసు, ఇంటికొచ్చాక వంటా పిల్లలూ మళ్లీ ఆడవాళ్లకే. ఇవి మీకు కొత్తవా చెప్పండి! మన చట్టంలో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరికీ 26 వారాలు, మూడో కాన్పుకి 12 వారాలే. ఆ జీతం కూడా చాలాచోట్ల యజమానే ఇవ్వాలి, అందుకే కొత్తగా పెళ్లైన అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకోవడానికి కొందరు వెనకాడతారు. యాభై మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని కూడా అదే చట్టం చెబుతోంది, మీ ఆఫీసులో ఉందా?

ఇంకో సంగతి ఎవరూ ఎత్తరు, పెద్దవాళ్లను ఎవరు చూసుకుంటారన్నది. మీరు ఇవాళే ఇంకో బిడ్డను కన్నా, ఆ బిడ్డ సంపాదనకొచ్చేసరికి పాతికేళ్లు, అత్తయ్యగారి మోకాళ్లు అప్పటిదాకా ఆగవు. జపాన్‌లో 2000 నుంచే నలభై దాటిన ప్రతివాళ్ల దగ్గరా ప్రీమియం వసూలు చేసి, మంచాన పడ్డ పెద్దవాళ్ల ఇంటికే సాయానికి మనిషిని పంపే బీమా నడుస్తోంది. ఇక్కడ ఆంధ్రలో పింఛను నెలకి 4,000 ఇస్తున్నారు, అది పెద్ద ఊరటే, కానీ మంచం దగ్గర కూర్చునే మనిషిని అది తీసుకురాదు కదా.

ఈసారి అత్తయ్యగారు ఆ మాటెత్తితే, ‘సాయంత్రం నేనొచ్చేదాకా ఇద్దర్నీ మీరు చూసుకుంటారా?’ అని అడగండి. వాదన కోసం కాదు, నిజంగానే అడగండి. మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని.