పాత రైఫిల్, నల్లబడ్డ గొట్టం

ప్రశ్న: సైన్యం వదిలించుకున్న మోసిన్-నాగాంట్ 91/30 రైఫిల్ కొన్నాను. గొట్టం లోపల నల్లగా ఉంది, 100 మీటర్లలో తూటాలు చెల్లాచెదురుగా పడుతున్నాయి. గొట్టం మార్చించాలా?

జవాబు: తొందరపడకండి. నల్లటి గొట్టాలు చక్కగా కాల్చడం నేను చాలాసార్లు చూశాను. ముందు లోపల పేరుకున్న రాగి మడ్డి వదిలించి, గొట్టం మూతి దగ్గర దీపం పెట్టి చూడండి. సైనికులు ఉక్కు కడ్డీని మూతి నుంచే దూర్చి శుభ్రం చేసేవారు. ఆ రాపిడికి అక్కడి గాడులు (తూటాను తిప్పేందుకు గొట్టం లోపల చెక్కిన గీతలు) అరిగి, రంధ్రం ఒకవైపు సాగుతుంది. అరిగిన మేర తొలిచేయించుకుంటే చాలు, తూటా చెడని గాడుల నుంచే బయటికొస్తుంది. సైనిక కర్మాగారాలూ మరమ్మతుల్లో ఇదే చేసేవి.

ఇంకొకటి, ఈ రైఫిల్‌కు గురి సరిచేసింది మూతి దగ్గర బాయ్‌నెట్ (పొడిచే కత్తి) తగిలించి. అది తీసేస్తే తూటా మరోచోట తగులుతుంది. కానీ అన్నీ పక్కకు ఒకేచోట పడతాయి, చెల్లాచెదురు కావు.

బోల్టు (గొట్టం వెనక భాగాన్ని మూసే కడ్డీ) మీది అంకె, రైఫిల్ అంకె కలవకపోతే మాత్రం నిపుణుడికి చూపించి హెడ్‌స్పేస్ (మూసిన బోల్టుకూ తూటా కూర్చునే చోటుకూ మధ్య ఎడం) కొలిపించేదాకా కాల్చవద్దు. పాత సైనిక తూటాలు వాడితే ఆ రోజే గొట్టాన్ని వేడినీళ్లతో కడగండి. వాటి ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే భాగం) వదిలే ఉప్పు నూనెకు కరగదు. నూనె పూయడం గొట్టం పూర్తిగా ఆరాకే.