మీ ప్రశ్నకు జవాబు: అధ్యాపకులు మెయిల్ తెరవడం లేదా?

ప్రశ్న: మా కాలేజీలో మూడుల్ (కోర్సులు, క్విజ్‌లు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) నిర్వహణ నేనే చూస్తాను. ఏ మార్పు వచ్చినా అధ్యాపకులందరికీ మెయిల్ పెడతాను. దాన్ని చదివేవాళ్లు తక్కువ. తీరా ఆన్‌లైన్ క్విజ్ రోజున ఫోన్లు మోగుతాయి. ఏం చేయాలి?

జవాబు: అందరికీ పంపడం మానేయండి. క్విజ్ పెట్టని అధ్యాపకుడికి క్విజ్ మెయిళ్లు వరసగా వస్తుంటే, రేపు తనకు పనికొచ్చేది వచ్చినా తెరవడు. క్విజ్‌లు ఉన్న కోర్సుల జాబితా తీసి, అవి చెప్పేవారికే పంపండి.

శీర్షికలోనే చేయాల్సిన పని, గడువు ఉండాలి. ‘మూడుల్ అప్‌డేట్ వివరాలు’ అని పెడితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘క్విజ్ ముగింపు సమయం 14వ తేదీలోగా సరిచూడండి’ అంటే మెయిల్ తెరవకముందే విషయం అందుతుంది. లోపల ఒకే సంగతి, ఐదారు వాక్యాలు, ఒక స్క్రీన్‌షాట్ చాలు. ఉదాహరణకు 2022లో వచ్చిన మూడుల్ 4.0 వెర్షన్‌నే చూడండి. కోర్సు పేజీలో పళ్లచక్రం గుర్తు పోయి, పైన కుడివైపు ‘ఎడిట్ మోడ్’ స్విచ్ వచ్చింది. పాఠం ఎక్కించే మనిషికి వెర్షన్ నంబరుతో పనేముంది? ‘ముందు ఈ స్విచ్ నొక్కండి’ అని రాసి, దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టిన బొమ్మ పెట్టండి.

ఇక ఆ ఫోన్ల సంగతి. మూడుల్‌లో గడియారం 24 గంటలది. సాయంత్రం 5 అనుకుని 05 ఎంచుకుంటే క్విజ్ తెల్లవారుజామునే మూతపడుతుంది. 17 పెట్టాలి. రెండోది ఇంకా బాధాకరం, ఎందుకంటే నష్టపోయేది విద్యార్థి. వ్యవధి 60 నిమిషాలు, ముగింపు 11 గంటలు అని పెడితే, 10:30కి మొదలుపెట్టిన పిల్లకు దక్కేది 30 నిమిషాలే. క్విజ్‌కు మూడు రోజుల ముందు పంపే మెయిల్‌లో ఈ రెండే రాయండి. పేపర్లు దిద్దే వారంలో మాత్రం కొత్త సంగతులేవీ పంపకండి.

ఎప్పుడూ ఒకే చిరునామా నుంచి పంపండి. లాగిన్ లింకు ఇవ్వకండి. అలాంటి లింకులు నొక్కవద్దని మనమే చెబుతుంటాం కదా!

ప్రశ్న: ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు ‘ఇవన్నీ నాకెందుకమ్మా’ అంటున్నారు. ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించే ప్రయత్నం పక్కన పెట్టి, ఏ పనికి ఎక్కువ సమయం పోతోందో అడగండి. మార్కులు కూడటమే అంటే మూడుల్‌లోని మార్కుల పట్టిక, అంటే గ్రేడ్‌బుక్ ఒక్కటే చూపించండి. ఆయన గదికే వెళ్లండి, ఆయన కోర్సే తెరవండి. మౌస్ ఆయన చేతిలోనే ఉండాలి. మీరు చకచకా నొక్కి చూపిస్తే, మీరు వెళ్లాక ఆయనకు ఒక్క మెట్టూ గుర్తుండదు.