వేడి కీమోకు ముందు అడగాల్సిన మాట

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. అండాశయ క్యాన్సర్, మూడో స్టేజి. నెల్లూరు నుంచి చెన్నైలో మా ఇంటికి తెచ్చుకున్నాం. మూడు కీమోలు అయ్యాయి. ఇప్పుడు పెద్ద ఆపరేషన్ చేసి, ఆ బల్ల మీదే పొట్టలో వేడి కీమో పోస్తారట. హైపెక్ అంటున్నారు. పేగులు కాలిపోవా? అన్నయ్యేమో పొలం అమ్మేద్దాం అంటున్నాడు.
– ఒక సోదరి, పెరంబూరు

జవాబు: కాలవమ్మా. మందు వేడి 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్, అంతే. మత్తులో ఉంటారు కాబట్టి అమ్మకు తెలియను కూడా తెలియదు. గొట్టాలు వేసి పంపుతో గంటా గంటన్నర పొట్టలో తిప్పుతాం. ఆ సేపంతా మా కళ్లు టెంపరేచర్ అంకెల మీదే.

నన్నడిగితే భయపడాల్సింది దానికి ముందు జరిగే ఆపరేషన్‌కి. ఎనిమిది, పది గంటలు పట్టొచ్చు. గర్భసంచి, అండాశయాలు, పేగుల మీద వేలాడే ఒమెంటం అనే కొవ్వు పొర తీసేస్తాం. కాలేయాన్ని కిందికి నొక్కిపట్టి, డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్యనుండే కండరం) కింది పొర మీద సగ్గుబియ్యంలా అంటుకున్న గడ్డల్నీ ఏరాలి. కొందరికి పేగు ముక్క కూడా తీయాల్సి వస్తుంది. అతికిన చోట లీకయితే మళ్లీ థియేటరే. ఇంత కష్టం ఎందుకంటే, మందు గడ్డలోకి కొద్ది మిల్లీమీటర్లే దిగుతుంది. పెద్ద గడ్డ వదిలేసి ఎంత వేడి మందు పోసినా దండగే.

అందుకే సర్జన్ని సూటిగా అడగండి: ‘కంటికి కనిపించేదంతా తీసేయగలరా?’ సీటీలో తేలకపోతే ల్యాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి, ముందే చూడొచ్చు. జవాబు నసిగితే పొలం మాట పక్కనపెట్టి, ఫిల్ములు, బయాప్సీ బ్లాకులు (పరీక్షకు తీసి మైనంలో దాచిన గడ్డ ముక్కలు) పట్టుకుని అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంకో అభిప్రాయం తీసుకోండి.

మీ అమ్మలాంటి వాళ్లకు దీని వల్ల మేలుందని నెదర్లాండ్స్ డాక్టర్లు 2018లో చూపించారు. ఉత్త ఆపరేషన్ అయినవాళ్లలో సగం మంది 34 నెలల వరకు బతికితే, హైపెక్ కూడా చేసినవాళ్లలో సగం మంది దాదాపు 46 నెలలు బతికారు. పెద్దపేగు క్యాన్సర్ వేరే సంగతి: ఫ్రాన్స్‌లో ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందుతో హైపెక్ చేసి చూస్తే ఆయుష్షు పెరగలేదు. కాబట్టి పక్కింటివాళ్ల అనుభవంతో పోల్చుకోకండి.

అండాశయ క్యాన్సర్‌కు చేసే హైపెక్‌లో మామూలుగా వాడే మందు సిస్‌ప్లాటిన్. అది కిడ్నీలను దెబ్బతీస్తుంది, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో అడగండి. పత్యమని గుడ్డు, పెరుగు మానిపించి ఉంటే (మన ఇళ్లలో ఇదో జబ్బు) ఈ పూటే మళ్లీ పెట్టండి. ఆపరేషన్ తర్వాత మామూలుగా ఇంకో మూడు కీమోలుంటాయి, అన్నయ్య లెక్కలో అవీ వేయమనండి.