అమ్మాయి సైకియాట్రీ అంటోంది, ఏ కాలేజీలో చేర్పించాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అమ్మాయి ఎంబీబీఎస్ అయిపోయి నీట్ పీజీ రాసింది. సైకియాట్రీయే చేస్తానంటోంది. మందులతో పాటు సైకోథెరపీ, అంటే మాటలతో చేసే వైద్యం కూడా బాగా నేర్పే చోటు కావాలట. హైదరాబాద్‌లో ప్రభుత్వ సీటు వచ్చేలా ఉంది. ఒక ప్రైవేట్ కాలేజీ వాళ్లేమో మెదడుకు అయస్కాంత తరంగాలిచ్చే కొత్త మిషన్ ఉంది, మేనేజ్‌మెంట్ సీటు ఇస్తాం అంటున్నారు. సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాలుంది, అమ్మైనా చేర్పిస్తా. ఏది మంచిది? రోజూ అలాంటివాళ్ల మధ్య ఉంటే పిల్లకు ఏమన్నా అవుతుందేమోనని వాళ్లమ్మ భయపడుతోంది.

జవాబు: మీ ఉత్తరం పెద్దది, కుదించి వేశాను. పూర్తి ఉత్తరంలో ‘అలాంటివాళ్లు’ అన్న మాట నాలుగుసార్లుంది. భయం తల్లిదని రాశారు గానీ చదివితే ఇద్దరిదీ అనిపించింది. కాలేజీల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ మాట తేల్చుకుందాం.

మానసిక జబ్బు అంటుకునేది కాదు. పొద్దంతా పరాయివాళ్ల బాధ వింటే అలసట వస్తుంది, అది నిజమే. ఆ బరువును ఎట్లా మోయాలి, ఎక్కడ దించాలి అన్నది కూడా మంచి డిపార్ట్‌మెంట్‌లో నేర్పుతారు. ఇక సంబంధాలు రావని, ‘పిచ్చి డాక్టరమ్మ’ అంటారని రాశారు. ఊళ్లో ఎవరూ ఇంకా ఆ మాట అనలేదు, ముందుగా అన్నది మీరే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లలో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అంటే మీ చుట్టాల్లో, మీ వీధిలో కూడా ఉన్నారు, చెప్పుకోలేక ఊరుకున్నారు. లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్ట్ కూడా లేని దేశం మనది. రేపు మీ అమ్మాయి మిర్యాలగూడలో బోర్డు పెట్టినా పేషెంట్ల కోసం ఎదురుచూసే పని ఉండదు. ఆమెకేం కాదు, ఆ టెన్షన్ వదిలేయండి.

ఇప్పుడు ఆ మిషన్ సంగతి. దాన్ని ఆర్‌టీఎంఎస్ అంటారు. మందులకు లొంగని డిప్రెషన్‌కు అమెరికాలో 2008లోనే అనుమతి ఇచ్చారు. పనికిరానిదని నేననను. కానీ ఈమధ్య ప్రతి బ్రోచర్ మీదా ఆ కుర్చీ ఫొటోనే వేస్తుంటే నాకు కొన్ని సందేహాలు. ఆ వైద్యం సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు నడుస్తుంది. మన దగ్గర కూలి వదులుకుని, చందంపేట నుంచి ముప్పై రోజులు బస్సెక్కి వచ్చే పేషెంట్ ఎవరున్నారు? పైగా మిషన్ నడపడం డాక్టరయ్యాక చిన్న ట్రైనింగ్‌తో వస్తుంది. దానికోసం రెండెకరాలు అమ్మడం అన్యాయం సార్. నీళ్లు పారే భూమి అది, మళ్లీ కొనలేరు.

మెదడు వైద్యం బాగా నేర్పే చోటంటే నా లెక్క వేరు. మూడ్ విపరీతంగా మారే బైపోలార్ జబ్బుకు లిథియం మాత్ర ఇచ్చి రక్తంలో దాని మోతాదు క్రమం తప్పకుండా కొలిపిస్తున్నారా? మే నెల ఎండలో ఉపాధి పనికి పోయే మనిషికి చెమటతో ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే అదే మాత్ర విషమవుతుందని పీజీకి తెలుసా? మొండి స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపైన్ వాడేవాళ్లకు తెల్లకణాల పరీక్ష తప్పనిసరిగా రాస్తున్నారా? న్యూరాలజీ పోస్టింగ్‌లో నిజంగా పని చేయిస్తారా, సంతకం పెట్టి పంపేస్తారా? మీరు అడగాల్సింది ఇవి.

మన నల్గొండ, పాలమూరు వైపు మందు వైద్యాన్ని, మాట వైద్యాన్ని విడదీయడం కూడా కుదరదు. కల్తీ కల్లునే తీసుకోండి. అందులో క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, ఆల్ప్రజోలం కలుపుతారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే ఫిట్స్‌తో, మతి తప్పి ఎంతమందిని హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తెచ్చారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు ప్రాణం నిలిపేది మందు. పదిహేను రోజులకు ఇంటికొచ్చాక, పొద్దుగూకే వేళ కాళ్లు మళ్లీ దుకాణం వైపు పోకుండా ఆపాలంటే మాత్రం ఆ మనిషితో, వాళ్లింటివాళ్లతో కూర్చుని మాట్లాడాలి. రెండూ చేతనైన డాక్టరే అతనికి పనికొస్తుంది. మీ అమ్మాయి అడుగుతున్నదీ అదే. చాలా తెలివైన ప్రశ్న అది, ఇంట్లో ఎవరైనా ఆమెకు ఆ మాట చెప్పారా?

మూడేళ్ల కింద మా చిన్నాన్న కొడుకును ఒక ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకుపోయాను. మా ముందు దేవరకొండ దిక్కు రైతొకాయన, నలభై ఏళ్లుంటాయి, భార్యతో వచ్చాడు. కుర్ర డాక్టర్ నిద్ర, ఆకలి, చచ్చిపోవాలన్న ఆలోచన, అన్నీ వరసగా అడిగి నాలుగు నిమిషాల్లో చీటీ రాశాడు. అతని తప్పేం లేదు, బయట వందమంది నిలబడి ఉన్నారు. చీటీ పట్టుకుని పక్క టేబుల్ దగ్గర ప్రొఫెసరమ్మ ముందు కూర్చున్నారు. ఆమె చీటీ పక్కన పెట్టి, “ఎప్పటి సంది మంచిగ లేదు?” అని అడిగింది. “మూడో బోరు ఎండినకాడి నుంచి.” “బోరుకు పైసలెక్కడియి?” ఆయన భార్య వైపు చూశాడు. ఆమె చెయ్యి మెడ మీదికి పోయింది. పుస్తెలు లేవు, పసుపుకొమ్ము కట్టిన తాడే ఉంది. అప్పుడు ఏడ్చాడు ఆ మనిషి.

ప్రొఫెసరమ్మ మందు మార్చలేదు. వచ్చే వారం మధ్యాహ్నం, ఓపీ అయ్యాక ఇదే డాక్టర్ దగ్గరికి రమ్మని రాసింది. కుర్రాడి వైపు తిరిగి, “నువ్వే చూడాలె, చూసి నాకొచ్చి చెప్పాలె” అంది.

సైకోథెరపీ నేర్పడమంటే నాకు తెలిసింది అది. సిలబస్‌లో అన్ని కాలేజీలకూ ఉంటుంది, అది చూసి లాభం లేదు. మీ అమ్మాయిని అక్కడి థర్డ్ ఇయర్ పీజీలకు ఫోన్ చేయమనండి. మూడేళ్లలో ఎంతమంది పేషెంట్లను మొదటి నుంచి చివరిదాకా మీరే కూర్చోబెట్టి మాట్లాడారు, వారానికొకసారైనా ఎవరికి చెప్పుకున్నారు అని అడగమనండి. “ఓపీలో టైమెక్కడుంటుంది” అంటే అర్థమైపోతుంది. క్లినికల్ సైకాలజిస్ట్ ఉన్నారా, ఉంటే పీజీలకు నేర్పుతున్నారా, సర్టిఫికెట్ల కోసం ఐక్యూ పరీక్షలు చేయడంతోనే పొద్దుపోతోందా అన్నదీ కనుక్కోమనండి.

పోలిక అడిగారు కాబట్టి చెబుతాను. ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఎర్రగడ్డ లాంటి పెద్ద మానసిక ఆసుపత్రిలో తీవ్రమైన జబ్బులు చూసి చెయ్యి తిరుగుతుంది. అన్ని విభాగాలున్న జనరల్ ఆసుపత్రి సైకియాట్రీ వార్డులోనేమో పురుగుమందు తాగి బతికినవాళ్లు, గుండెదడ అని కార్డియాలజీ చుట్టూ తిరిగి వచ్చినవాళ్లు ఎక్కువ, అక్కడ మాట పని ఎక్కువ. ఒకచోట చేరితే రెండో రకం చోటికి పోస్టింగ్ ఉందో లేదో చూసుకోవాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో క్లినికల్ సైకాలజీ, సోషల్ వర్క్, న్యూరాలజీ ఒకే ఆవరణలో ఉంటాయి, కుటుంబాన్నే చేర్చుకుని చూసే విభాగమూ ఉంది. అలాంటి జాతీయ సంస్థల ప్రవేశ పరీక్ష ఐఎన్ఐ-సెట్‌లో ఆ ర్యాంకు వస్తే రెండో ఆలోచన వద్దు. రాకపోతే మీకు వస్తుందంటున్న ప్రభుత్వ సీటుకే నా ఓటు, ఆ ఫోన్ కాల్స్ చేశాక.

అమెరికాలో ఉన్న మీ బావమరిది అక్కడికి పంపమంటున్నారని కూడా రాశారు. అక్కడ రెసిడెన్సీ నాలుగేళ్లు. సపోర్టివ్, సైకోడైనమిక్, సీబీటీ అనే మూడు రకాల సైకోథెరపీలూ నేర్పాలన్న నిబంధన ఉంది, ఆ విషయంలో వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. కానీ అమ్మాయి మన మనుషులకే వైద్యం చేస్తానని మీతో చెప్పిందట కదా. “మనసు మంచిగ లేదు” అన్న మాట వెనక ఏముందో ఆమె ఇక్కడే నేర్చుకోవాలి.

వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు ల్యాప్‌టాప్ ముందు అమ్మాయిని కూర్చోనివ్వండి. మీరిద్దరూ పక్కన ఉండండి, చాలు. పాస్‌బుక్ బీరువాలోనే ఉండనివ్వండి.